ఈతకొలనులో గంజి

నరహరికి చెవులు సగమే పనిచేస్తాయి. మిగతా సగం సూరత్ దగ్గరి జోల్వాలో మరమగ్గాల షెడ్డులో పోయింది. ఆ షెడ్డును అక్కడ ఖాతా అంటారు. నూట నలభై మగ్గాలు ఒక్కసారిగా ఆడే ఖాతాలో ఇరవై ఆరేళ్లు తిరిగాక సగమైనా మిగలడం తన అదృష్టమని ఆయన నమ్మకం. భార్య వినోద నమ్మకం వేరు. పోయిన సగం తన మాటలకు సంబంధించినదేనని ఆమె అనుమానం.

అయినా చెడిపోయిన యంత్రం గోడు అందరికన్నా ముందు నరహరికే వినపడుతుంది. ఆయన చెవితో వినడు. మూరెడు పొడుగు స్క్రూడ్రైవర్ మొనను యంత్రం ఒంటికి ఆనించి, పిడిని చెవి వెనక బొమికకు తాకించి, కళ్లు మూసుకుంటాడు. బేరింగు అరిగితే ఆ బొమికలో ఇసుక నమిలినట్టు తెలుస్తుంది. గాలి పీలుస్తుంటే గురక పెట్టినట్టు తెలుస్తుంది. మగ్గాలు బాగుచేసే రోజుల్లో అబ్బిన విద్య అది. ఎవరూ నేర్పలేదు. అప్పట్లో ఆయన చుట్టూ ఎవరేం చెప్పినా ఆ మోతలో వినపడేది కాదు కనుక నేర్పడానికి వీలు కూడా లేకపోయింది.

మగ్గాల నుంచి నీళ్ల దగ్గరికి రావడం కూడా అనుకుని జరిగింది కాదు. ఖాతా సేఠ్ పాత మగ్గాలన్నీ తూకానికి అమ్మేసి కొత్తవి దింపిన ఏడు, కిమ్ దగ్గర ఆయనకున్న తోటలో ఈతకొలను పంపు పట్టేసింది. "నరహరీ, నట్టున్నదేదైనా నీకు ఒకటే కదా, చూసి రా" అని పంపాడు. నరహరి పంపు విప్పి, విప్పిన ప్రతి ముక్కనూ వరసగా గుజరాతీ పేపరు మీద పేర్చుకుని, మధ్యాహ్నానికల్లా ఆడించేశాడు. పంపు పక్కనే ఆయన ఎత్తున ఒక డ్రమ్ము ఉంది. అది ఫిల్టరు అన్నారు. లోపల ఏ మాయ ఉందోనని మూత తీసి చూస్తే ఇసుక! ఉత్త ఇసుక. మురికినీళ్లు పైనుంచి దిగుతాయి, మురికి ఇసుకలో చిక్కుకుంటుంది, తేటనీళ్లు అడుగునుంచి కొలనులోకి పోతాయి. ఇసుక నిండా మురికి పట్టాక హ్యాండిల్ తిప్పి నీళ్లను అడుగునుంచి పైకి తోస్తే పట్టిన మురికంతా కాలువలోకి కొట్టుకుపోతుంది. నరహరి దానికి 'ఉల్టా కడుగుడు' అని పేరు పెట్టుకున్నాడు. ఇంత పెద్ద డబ్బున్నవాళ్లు ఈదే నీళ్లను వాగులో దొరికే ఇసుకే శుభ్రం చేస్తుందని తెలిసి, ఆ రోజు ఒక్కడే నిలబడి నవ్వుకున్నాడు.

ఆ తర్వాత తొమ్మిదేళ్లుగా సూరత్ వరాఛాలో ఒక పెద్ద హౌసింగ్ సొసైటీ కొలను ఆయన చేతిలో ఉంది. కొలను అంచు కింద ఫిల్టరు గది. ఆ గదిని కూడా ఆయన ఖాతా అనే అంటాడు. గోడమీద తనకొచ్చిన గుజరాతీలో సుద్దముక్కతో ఒకే ఒక్క మాట రాసి పెట్టాడు: మోటరు ఆపకుండా హ్యాండిల్ తిప్పొద్దు.

ఆ సొసైటీ సెక్రటరీ మన్‌సుఖ్‌భాయ్. ముప్పై ఏళ్లు వజ్రాలు సానబట్టిన మనిషి. రిటైరైనా జేబులో భూతద్దం రిటైరు కాలేదు. కూరగాయల బండి దగ్గర వంకాయను కూడా దానితోనే చూస్తాడని వాచ్‌మన్లు చెప్పుకుంటారు. కొలను నీళ్లకు ఆయన పెట్టే పరీక్ష ఒకటుంది. అయిదడుగుల లోతు దగ్గర నిలబడి రెండు రూపాయల బిళ్ల జారవిడుస్తాడు. అది అడుగున పడ్డాక పైనుంచే చూసి బొమ్మా బొరుసా చెప్పాలి. ఆయన భాషలో ఛాపా, కాంటోనా. చెప్పగలిగితే నీళ్లు పాస్. తొమ్మిదేళ్లలో నరహరి నీళ్లు ఒక్కసారీ తప్పలేదు.

ఈ ఏప్రిల్‌లో తప్పాయి.

సొంతూరు సిరిసిల్లలో మేనల్లుడి పెళ్లికి నరహరి నాలుగు రోజులు పోయి వచ్చేసరికి నీళ్లు పలచటి మజ్జిగలా ఉన్నాయి. ఉల్టా కడిగాడు. పటిక వేశాడు. మందు మార్చాడు. పది రోజులైనా మజ్జిగ మజ్జిగే. ఆదివారం సాయంత్రం సొసైటీ పిల్లల ఈత పోటీలు. గురువారం పొద్దున మన్‌సుఖ్‌భాయ్ బిళ్ల వేస్తే బొమ్మాబొరుసుల మాట దేవుడెరుగు, బిళ్లే కనపడలేదు.

ఆయన పక్కన ఇస్త్రీ చొక్కా వేసుకుని ఒక కంపెనీ మనిషి కూడా నిలబడి ఉన్నాడు.

"ఫిల్టరు పని అయిపోయింది సేఠ్. మొత్తం సెట్టే మార్చాలి," అన్నాడు ఆ మనిషి, ఫిల్టరు గదిలోకి అడుగైనా పెట్టకుండా. "మాది అంతా ఆటోమేటిక్. ఫోన్లో చూసుకోవచ్చు. రోజూ ఒక మనిషి వచ్చి కూర్చోవాల్సిన పనే ఉండదు."

ఆ ఒక మనిషి అక్కడే ఉన్నాడు. చివరి ముక్క ఆయన సగం చెవులకు కూడా బాగానే వినపడింది. పంట్లాం మోకాళ్ల పైకి మడిచి నీళ్లలోకి దిగాడు. తేటనీళ్లు వచ్చి పడే కన్నం కింద కాలివేళ్లతో తడిమాడు. వంగి పిడికెడు తీసి మన్‌సుఖ్‌భాయ్ ముందు అరచెయ్యి తెరిచాడు.

మన్‌సుఖ్‌భాయ్ భూతద్దం తీశాడు. చాలాసేపు చూశాడు. "ఇసుక," అని తీర్పు చెప్పాడు.

"డ్రమ్ముల ఉండాల్సిన ఇసుక భాయ్. కొలనులకు ఎట్ల వచ్చింది? లోపల ఏదో ఇరిగింది. డ్రమ్ము మంచిగనే ఉన్నది. ఇరిగింది మారుస్త, ఇసుక మారుస్త. నాకు ఆదివారం దాంక టైమియ్యండి."

కంపెనీ మనిషి నవ్వాడు. మన్‌సుఖ్‌భాయ్ నవ్వలేదు. నీళ్లకేసీ, నరహరి అరచేతికేసీ మార్చి మార్చి చూశాడు.

"పోటీలు నాలుగింటికి. పన్నెండింటికి బిళ్ల వేస్తాను. ఛాపో కాంటో కనపడిందా, కొలను నీది. లేదా, సోమవారం నుంచి వీళ్లది. బస్."

ఇంటికొచ్చి చెబితే వినోద చీరల దారాలు కత్తిరిస్తున్న కత్తెర పక్కన పెట్టింది.

"తొమ్మిదేండ్లు జేసిన మనిషిని రెండు రూపాల బిళ్లతోని తూకమేస్తడా? నువ్వేమన్నవు?"

"ఆదివారం దాంక టైమడిగిన."

"గంతేనా? ఇంట్లనైతె నోరు లేస్తది!"

"మాటలకు ఇసుక మారదు గద వినోదా. జర రేపు నాతోని రా. నీ చెయ్యి గావాలె."

శుక్రవారం పొద్దున్నే ఇద్దరూ డ్రమ్ము మూత విప్పారు. పై ఇసుక లడ్డూలు కట్టి ఉంది. తల్లులు పిల్లల తలలకు కొబ్బరినూనె దట్టంగా పట్టించి ఈతకు దింపుతారు, ఆ నూనే ఇసుకను ముద్దలు చేసింది. అదంతా డబ్బాలతో తోడి పోశాక అడుగున చక్రం ఆకుల్లా పరుచుకున్న గొట్టాలు బయటపడ్డాయి. ఒక్కొక్కటీ జానెడు, ఒంటినిండా సన్నటి గాట్లు. నీళ్లు పోతాయి గానీ ఇసుక పోదు. నరహరి వాటిని వేళ్లు అంటాడు. ఎనిమిది వేళ్లలో ఒకటి మొదలంటా విరిగి ఉంది.

నరహరి విరిగిన వేలిని వెలుతురులో పెట్టి చూశాడు. వేలంతా పసుపురంగుకు తిరిగింది గానీ విరిగిన చోట మాత్రం తెల్లగా, నిన్నమొన్నటి గాయంలా ఉంది. ముసలిదై విరగలేదు. ఏదో దెబ్బ తిన్నది. ఎవరు కొట్టారో అడగలేదు గానీ ఆ ముక్కను పారెయ్యకుండా చొక్కా జేబులో వేసుకున్నాడు.

కొత్త వేలు బిగించాడు. డ్రమ్ము సగానికి నీళ్లు నింపాడు. వట్టి డ్రమ్ములో ఇసుక గుమ్మరిస్తే ఆ బరువుకు వేళ్లు మళ్లీ విరుగుతాయి, నీళ్లుంటే మెల్లగా దిగుతుంది. ముందు గులకరాళ్లు ఒక్కొక్క గుప్పెడు చేత్తో పరిచాడు. బయట వినోద కొత్త ఇసుకను పెద్ద టబ్బులో పోసి బియ్యం కడిగినట్టు కడిగి వంపుతోంది.

"ఇంకెన్ని నీళ్లు వొయ్యాలె?"

"తేట నీళ్లొచ్చే దాంక."

"నేను బియ్యం రెండుసార్లు కడిగితె సత్తువంత పాయె అంటవు. నీ ఇసుకకు ఏడు నీళ్లా? గిది నువ్వు తింటవా?"

నాలుగు సంచులు కడిగేసరికి ఆమె నడుము పట్టేసింది. పొద్దు వాలుతోంది. "మిగిలిన రెండు నువ్వే కడుక్కో," అని చేతులు దులుపుకుంది. నరహరి సంచుల వంకా ఎండ వంకా చూసి, ఆ రెండూ కడగకుండానే గుమ్మరించేశాడు.

శనివారం పొద్దున మోటరు వేసి స్క్రూడ్రైవర్ చెవి వెనక పెట్టాడు. పంపు నిద్రపోయిన బిడ్డలా ఉంది. ప్రెజర్ ముల్లు నిలవాల్సిన చోటే నిలిచింది. అడుగున ఇసుక రావడం ఆగింది. మజ్జిగ పలచబడుతోంది గానీ పూర్తిగా తేటపడటం లేదు. కడగని రెండు సంచుల దుమ్ము నీళ్లతో పాటు డ్రమ్ము దాటి వస్తోంది. పిండికన్నా మెత్తటి దుమ్ము. ఉల్టా కడిగితే తగ్గుతుంది గానీ అందుకు మూడు నాలుగు రోజులు కావాలి. ఉన్నది ఒక్క రోజు.

నీళ్లు వచ్చి పడే కన్నాలు నాలుగు. నాలుగింటికీ దగ్గర నేత బట్టతో సంచులు కడితే దుమ్ము అక్కడే ఆగిపోతుంది! ఆలోచన వచ్చిందే తడవు బామ్మర్దికి ఫోన్ చేశాడు. ఆగయ్య ఇంకా జోల్వా ఖాతాలోనే మగ్గాలు నడుపుతున్నాడు. గంటలో స్కూటర్ మీద దిగాడు, చంకలో బట్ట చుట్టతో. అప్పుడే మగ్గం మీంచి కోసిన బట్ట. రంగూ ఉడుకూ చూడని ఆ పచ్చి బట్టను సూరత్‌లో గ్రే అంటారు.

"సూడు బావా, గాలి గూడ వోదు!" ఆగయ్య బట్టను ఎండకెత్తి పట్టాడు.

నరహరి గోటితో పోగులు లెక్కపెట్టాడు. అంచు చూశాడు. రెండు చేతులా పట్టి పెటపెటా లాగి చూశాడు. "ఎవని మగ్గందిరా? పేక మంచిగ కొట్టిండు."

"నాదే."

"అబ్బో! నేర్సుకున్నవన్నట్టు."

అలా ఇద్దరు నేతగాళ్లు పావుగంట సేపు ఆ బట్టను మెచ్చుకున్నారు. గోనె దబ్బనంతో నాలుగు సంచులు కుట్టి, నాలుగు కన్నాలకూ తాడుతో బిగించారు. సాయంత్రానికి సంచుల్లో బురద చేరడం మొదలైంది. నీళ్లలో అడుగున పలకల గీతలు కనపడ్డాయి. నరహరి ఆ సాయంత్రం ఇంటికి ఈల వేసుకుంటూ పోయాడు. నడుం నొప్పితో ఇంట్లో పడుకున్న వినోద, ఈల విని ఏదో తప్పు జరిగి ఉంటుందనుకుంది. ఆయన ఈల వేసిన ప్రతిసారీ తెల్లారి ఏమైందో ఆమెకు గుర్తే.

ఆదివారం పొద్దున ఆరింటికి వచ్చి చూసేసరికి నాలుగు కన్నాల దగ్గరా నాలుగు తెల్లటి గుట్టలు. నురగ! మోకాలెత్తు నురగ. గాలికి ముక్కలు తెగి, బాతుల్లా కొలనంతా తిరుగుతోంది.

నరహరి మోటరు ఆపి మెట్టుమీద కూలబడ్డాడు. వేలు మార్చాడు, ఇసుక మార్చాడు, నీళ్లు దాదాపు దారికి వచ్చాయి. ఈ నురగ ఎక్కడిది? చేత్తో తీసి నలిపితే జిగటగా జారింది. వెనకే టిఫిన్ డబ్బాతో వినోద, ఆమె వెంట పోటీలు చూద్దామని ఇస్త్రీ బట్టల్లో వచ్చిన ఆగయ్య.

"సబ్బు బావా! పిలగాండ్లు ఎవలో సబ్బు పొడి వోసిండ్రు," అన్నాడు ఆగయ్య.

వినోద వంగి ఒక సంచిని నీళ్లలోంచి పైకి లాగింది. వేళ్ల మధ్య రుద్దింది. వాసన చూసింది. తర్వాత తమ్ముణ్నీ మొగుణ్నీ చూసిన చూపు ఎట్లాంటిదంటే ఇద్దరూ ఒకేసారి తల దించుకున్నారు, ఎందుకో తెలియకపోయినా.

"గ్రేనా గిది?"

"అవ్, నా మగ్గం మీదిదే అక్కా. నిన్న పొద్దుగాలనే కోసిన..."

"గంజి ఎవలు తీస్తరు, మీ తాత తీస్తడా?"

అప్పుడు వెలిగింది నరహరికి. పడుగు పోగులు తెగకుండా మగ్గం ఎక్కించే ముందే వాటికి గంజి పట్టిస్తారు. ఆ పైన మగ్గం నూనె. అవన్నీ మిల్లులో ఉడికించి తీస్తేనే గ్రే కాస్తా వాడుకునే బట్ట అవుతుంది. కానీ మగ్గం దిగిందంటే నేతగాడి లెక్కలో బట్ట పూర్తయినట్టే. ఆ తర్వాతి సంగతులు వేరేవాళ్లవి. ఇద్దరికీ కలిపి నలభై ఏళ్ల నేత ఉంది, ఆ నలభై ఏళ్లలో ఒక్కరోజూ గంజి తీసిన పాపాన పోలేదు.

"దిండు గలేబు కుట్టేటందుకే నేను మూడు ఉడుకునీళ్లల్ల నానవెడ్త," వినోద కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. "మీరేమొ ఊరి పిలగాండ్ల నీళ్లల్ల నానవెట్టిండ్రు! ఇగ ఈది బయటికొస్తె ఒక్కొక్కడు పెళపెళలాడుకుంట నిలవడ్తడు, ఇస్త్రీ గూడ అక్కర లేదు!"

ఆగయ్య గొంతు తగ్గించాడు. "బావా, సబ్బనే చెప్దాం. మొన్న కంపెనీ ఆయన ఏదో మందు నమూనా పోసిపోయిండని గూడ అనొచ్చు. ఎవనికి తెలుస్తది?"

నరహరి ఒక్క నిమిషం ఆలోచించాడు. ఆలోచించలేదంటే అబద్ధమవుతుంది. కొలను పోతే మళ్లీ ఏ ఖాతాలో చేరతాడు, ఈ చెవులతో?

"సబ్బంటె భాయ్ సబ్బుకు తగ్గ మందు పోపిస్తడు. గంజికి అది పనిజెయ్యది, నీళ్లు ఇంక ఖరాబైతయ్. ఉన్నదున్నట్టు చెప్తెనే బాగుచేసే టైమన్న దొరుకుతది."

మన్‌సుఖ్‌భాయ్ బనీనుతోనే దిగి వచ్చాడు. నురగను చూశాడు. అలవాటుగా భూతద్దం కోసం జేబు తడుముకున్నాడు. బనీనుకు జేబు లేదు.

"నా తప్పు భాయ్," అన్నాడు నరహరి. "దుమ్ము ఆపుదామని కడగని గ్రే కట్టిన. గంజి దిగింది. ఫిల్టర్ల తప్పు లేదు. ఇరిగింది ఇదొక్కటే." జేబులోంచి విరిగిన వేలు తీసి చేతిలో పెట్టాడు. "ఇది కూడ పాతదై ఇరగలే. దెబ్బ తాకి ఇరిగింది. ఇరిగిన కాడ చూడండి, ఎంత తెల్లగున్నదో."

మన్‌సుఖ్‌భాయ్ ఆ ముక్కను అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. చాలాసేపు చూశాడు. వజ్రాలు చూసిన కళ్లు గదా, కొత్తగా విరిగిందో పాతదో తెలుస్తూనే ఉంది. ఆయన చెవులు మెల్లగా ఎర్రబడ్డాయి.

"నువ్వు పెళ్లికి పోయావు చూడు," అన్నాడు చివరికి, గొంతు బాగా దించి. "నీళ్లు కాస్త ముక్కిన వాసన వస్తుంటే నేనే గదిలోకి వెళ్లాను. నువ్వు తిప్పే హ్యాండిల్ నేనూ తిప్పాను."

"మోటరు ఆపి?"

"గోడమీద రాసింది తర్వాత చదివాను. లోపల ఫట్ మంది. వాచ్‌మన్‌కు కూడా చెప్పలేదు."

భాష రాకపోయినా వినోదకు ఎవరి ముఖంలో ఏముందో అర్థమైంది. మళ్లీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇప్పుడేం చెయ్యాలి?" అన్నాడు మన్‌సుఖ్‌భాయ్.

నరహరి గోడ గడియారం చూశాడు. ఏడుంబావు. "అవతలి ఒడ్డుకు పోండి భాయ్. చీర కొస పట్టుకోవాలె."

ఆగయ్య స్కూటర్ మీద పోయి, వినోద ఇంట్లో బొంత కోసం దాచిన పాత నూలు చీరలు మూడు తెచ్చాడు. నూరుసార్లు ఉతికిన చీరలు, వాటిలో గంజి కాదు కదా రంగు కూడా మిగల్లేదు. ఈలోగా నరహరి కుళాయి తిప్పి నీళ్లు నింపాడు, కొలను అంచు చుట్టూ ఉన్న కాలువలోకి సరిగ్గా పైపొర మాత్రమే పొర్లేటట్టు. రెండు చీరలు కొసలు ముడివేసి కొలనుకు అడ్డంగా పరిచారు. ఈ ఒడ్డున ఇస్త్రీ చొక్కా చేతులు మడిచి ఆగయ్య, ఆ ఒడ్డున బనీనులో మన్‌సుఖ్‌భాయ్.

"మెల్లగ! నీళ్లు కదలొద్దు, నురగొక్కటే కదలాలె," నరహరి వెనక నుంచి చెబుతున్నాడు. "భాయ్, మీ కొస కుంగుతున్నది, ఎత్తండి!"

"ఎత్తే ఉన్నాను!"

"ఆయనకేడ అలవాటు గిది," అంది వినోద తెలుగులోనే. "రవ్వలు పట్టిన చెయ్యి, చీరె ఎట్ల పడ్తది!"

బాల్కనీల్లో జనం టీ కప్పులతో నిలబడ్డారు. సెక్రటరీ చీర పట్టుకుని కొలను ఒడ్డున నడవడం వాళ్లు ఎప్పుడూ చూడలేదు. అయిదుసార్లు అటూ ఇటూ నడిచేసరికి నురగంతా మూలకు చేరి కాలువలో పడింది. మూడో చీరను నాలుగు మడతలు వేసి వినోద కొత్త సంచులు కుట్టింది, ఈసారి తన చేత్తోనే. గ్రే సంచులు బకెట్లోకి పోయాయి. నరహరి జానెడు నీళ్లు బయటికి వదిలి ఆ మేరకు కొత్తనీళ్లు నింపి, మోటరు వేశాడు. కన్నాల దగ్గర నాలుగు బుడగలు లేచాయి. అవీ పేలిపోయాయి.

పన్నెండింటికి మన్‌సుఖ్‌భాయ్ స్నానం చేసి, చొక్కా వేసుకుని, భూతద్దంతో సహా వచ్చాడు. అయిదడుగుల లోతు దగ్గర నిలబడ్డాడు. బిళ్ల జారవిడిచాడు. అది ఎండలో తిరుగుతూ, తళుక్కుమంటూ దిగి, పలక మీద బోర్లా పడబోయి, దొర్లి, ఆగింది.

నరహరి చూడలేదు. ఆయన చూపు ప్రెజర్ ముల్లు మీదుంది. అది కదలడం లేదు.

"సింహాలు!" అని వినోదే ముందు అరిచింది.

"ఛాప్," అన్నాడు మన్‌సుఖ్‌భాయ్. భూతద్దం బయటికి తీయనేలేదు.

మూడున్నరకు కాగితాలతో వచ్చిన కంపెనీ మనిషికి ఆయన ఒక కుర్చీ వేయించి, శర్బత్ ఇప్పించి, పోటీలు చూసి పొమ్మన్నాడు. కాగితాల సంగతి ఎత్తలేదు. ఆ మనిషి రెండు పందేలు చూసి, నీళ్లకేసి ఓసారి వంగి చూసి, తనంతట తానే లేచి వెళ్లిపోయాడు.

పోటీలయ్యాక మన్‌సుఖ్‌భాయ్ ఫిల్టరు గదికి దిగి వచ్చాడు. చేతిలో కొత్త తాళం.

"తలుపుకు ఇది వెయ్యి. తాళంచెవులు రెండూ నీ దగ్గరే ఉంచుకో. నేనడిగినా ఇవ్వకు."

"మీరు సెక్రటరీ గద భాయ్."

"అందుకే."

వెళ్లబోతూ ఆగి, పంపు మీదున్న స్క్రూడ్రైవర్ వైపు చూశాడు. నరహరి మొన పంపుకు ఆనించి, పిడిని ఆయన చెవి వెనక పెట్టాడు. మన్‌సుఖ్‌భాయ్ కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

"ఏమీ వినపడటం లేదు," అన్నాడు.

"మంచిగున్నదన్నట్టు," అన్నాడు నరహరి. మోటరు ఆపి, అది పూర్తిగా నిలిచే దాకా ఆగి, అప్పుడు హ్యాండిల్ తిప్పాడు.